పొట్టేలును కూడా అడిగారు

నా చిన్నప్పుడు మా కర్నూలు మూడేళ్ల పాటు రాజధానిగా ఉండింది. మద్రాసు నుంచి విడిపోయిన ఆంధ్ర రాష్ట్రానికి ఇక్కడ గుడారాలు వేసి ఆఫీసులు నడిపారు. మా నాయన పోయాక ఇల్లు గడవడానికి మా అమ్మ ఆ గుడారాల్లోని గుమాస్తాలకు పూటకూళ్లు పెట్టేది. కోస్తా నుంచి వచ్చినవాళ్లు జొన్నరొట్టె చూసి మొహం ముడుచుకుంటే, వాళ్ల కోసం వరన్నం వండి గోంగూర పప్పు చేసేది. నేను బడికి పోతున్నానంటే ఆ పొయ్యి వెలుగుతున్నందువల్లే.

ఇంతలో హైదరాబాదుతో కలిపి పెద్ద రాష్ట్రం చేస్తారనీ, రాజధాని అక్కడికి పోతుందనీ మాట పుట్టింది. అమ్మకు కంటి మీద కునుకు లేదు. మా ఇంట్లో తినే గుమాస్తా ఒకాయన శాసనసభ ఆఫీసులో పనిచేసేవాడు. అన్నం కలుపుకుంటూ అమ్మకు ధైర్యం చెప్పాడు. ఒక రాష్ట్రాన్ని మార్చాలంటే పార్లమెంటు ఆ బిల్లును ముందు ఆ రాష్ట్ర సభకు పంపి అభిప్రాయం అడగాల్సిందేనట, రాజ్యాంగంలోనే అట్లా ఉందట. "మనల్ని అడక్కుండా ఏమీ చేయలేరండి అమ్మగారూ" అన్నాడు. అమ్మ ఆ మాటనే గట్టిగా పట్టుకుంది. మెడలో గొలుసు అమ్మి, పెరట్లో ఇంకో వంటసాల కట్టించాలనుకుంది. మాకున్న బంగారమంతా ఆ గొలుసే.

మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, మూలన కూర్చుని అంతా విన్నాడు. "అడుగుతారు సరేప్పా, వద్దంటే ఆపుతారా?" అన్నాడు. గుమాస్తా ముద్ద మింగి, అట్లాగని మాత్రం రాయలేదండీ అన్నాడు. కోడలికి ఎదురుచెప్పి ఏడిపించడం జేజినాయనకు ఇష్టం ఉండేది కాదు. మరునాడు నన్ను వెంటబెట్టుకుని హంద్రీ ఏరు దాటి కల్లూరుకు బయల్దేరాడు. అక్కడ గ్రామదేవత జాతర జరుగుతోంది. మా వైపు దాన్ని దేవర అంటాం.

గుడి ముందు ఒక పొట్టేలును నిలబెట్టారు. మెడలో వేపమండలు, నుదుటన పసుపు. దాని మీద నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే బలికి ఒప్పుకున్నట్టు, విదిలించకపోతే కొయ్యకూడదు. ఇది జేజినాయన చెబితేనే నాకు తెలిసింది. నేను చేతులు జోడించి నిలబడ్డాను. నీళ్లు చల్లారు. పొట్టేలు కదల్లేదు. మళ్లీ చల్లారు. అది తీరిగ్గా మెడలోని వేపాకు అందుకుని నములుతోంది. నాకు ఎక్కడలేని సంతోషం వచ్చింది.

"జేజినాయనా, అది వద్దంటాండాది! ఇడిసిపెడతారు గదా?"

"సూస్తా ఉండు" అన్నాడు.

కత్తి పట్టుకున్నాయన చెంబు తెప్పించి, నీళ్లు నేరుగా దాని చెవిలో పోశాడు. పొట్టేలు నిలువెల్లా విదిలించుకుంది. ఒప్పుకునె, ఒప్పుకునె అని జనం అరిచారు. డప్పులు మోగాయి. నేను జేజినాయన పంచెలో మొహం దాచుకున్నాను.

తిరిగి వస్తూ ఏటి ఇసకలో ఏడుస్తూనే అడిగాను, అప్పటికీ విదిలించకుంటే ఏం చేసేవాళ్లని. "ఇంకో చెంబు పోస్తారు. కత్తి నూరినాకనే గదమ్మా నీళ్లు తెచ్చేది. మీయమ్మకు సూసింది సూసినట్టు చెప్పు" అన్నాడు.

చెప్పాను. అమ్మ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడి వినింది. అమ్మడానికి తీసి పెట్టిన గొలుసును మళ్లీ మెడలో వేసుకుంది. వంటసాల మాట మళ్లీ ఎత్తలేదు.

బిల్లు వచ్చింది. మా సభ పెద్దలు వాళ్లంతట వాళ్లే తలలూపారు. గుడారాలు పీకేశారు. ఆ గుమాస్తా చివరిరోజు తలెత్తకుండా తిని వెళ్లిపోయాడు. ఆ గొలుసు తాకట్టు పెట్టి అమ్మ చిన్న అంగడి పెట్టుకుంది. అది వంటసాల గోడల్లో కలిసిపోయి ఉంటే నా చదువు అక్కడితో సరి.

ఆ చదువుతోనే నేను టీచరునై, పిల్లలకు పౌరశాస్త్రం చెప్పాను. రాష్ట్రాలను కలపడం, చీల్చడం, హద్దులు జరపడం, పేర్లు మార్చడం, అన్నీ పార్లమెంటు చేతిలోనివే. రాష్ట్రం అభిప్రాయం చెప్పడానికి గడువు పెట్టే వీలు కూడా మా గుడారాలు పీకేయకముందే చేర్చుకున్నారని చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. పొట్టేలు ఎంతసేపు నిలబడవచ్చో కూడా వాళ్లే చెబుతారన్నమాట. పార్లమెంటు గొప్పదని పరీక్షల కోసం పిల్లలతో వల్లె వేయించాను గానీ, నా నోటితో నేను ఎన్నడూ అనలేదు.

నాకు అరవై దాటాక రాష్ట్రాన్ని చీల్చే బిల్లు వచ్చింది. ఈసారి మా సభ ఒప్పుకోలేదు, బిల్లును తిప్పికొట్టింది. అయినా ఢిల్లీలో నెగ్గించారు. ఆ వేళకు టీవీలో ప్రసారం కూడా ఆగిపోయింది. మొదటిసారి పొట్టేలు విదిలించింది, రెండోసారి విదిలించలేదు. కత్తి మాత్రం రెండుసార్లూ దిగింది. నల్లగా ఉన్న ఆ టీవీ ముందు కూర్చుని నేను నోటికొచ్చినట్టు తిట్టాను.

అప్పటి నుంచీ ఎవరైనా నా అభిప్రాయం అడిగితే ముందు వాళ్ల చేతుల వైపు చూస్తాను. మొన్న సర్వే అంటూ ఒక అమ్మాయి ఫోను పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. రాజధాని యాడ ఉండాలో చెప్పవ్వా, పైకి పంపుతాం అంది.

"చెప్తా గానీ, చెంబు యాడ పెట్టినావు తల్లీ?" అన్నాను.

పాపం, దాహమేస్తోంది కాబోలనుకుంది. గబగబా పోయి, పంచలో కడవ మీదున్న చెంబు నిండా నీళ్లు ముంచి నా ముందుకు తెచ్చింది. ఆ చెంబు చూడగానే నా ఒళ్లు జలదరించింది. నేను జవాబు చెప్పకముందే ఆ పిల్ల ఫోనులో ఏదో నొక్కుకుని, పక్కింటికి వెళ్లింది.