మూడో మలుపులో చల్లని నేల

లవాన్ టెప్లీ బూట్లు విప్పి, మేజోళ్లు వాటిలో కుక్కి, నీళ్ల ట్యాంకర్ మెట్టు మీద పెట్టింది. పాంటు అంచులు పిక్కల దాకా మడిచింది. వాల్నట్ ఫోర్క్ ట్రాక్‌లో ఇరవై తొమ్మిదేళ్లుగా పెద్ద కార్ల పందేనికి ముందు జరిగేది ఇదే. ఆమె ఉత్తకాళ్లతో అరమైలు మట్టిబాట చుట్టూ నడుస్తుంది. నడిచొచ్చి గేటు దగ్గర నిలబడి కుడిచెయ్యి ఎత్తుతుంది. ఆ చెయ్యి లేచేదాకా జెండా మనిషి పచ్చజెండా విప్పడు. ఇది ఏ కాగితం మీదా రాసి లేదు. అయినా ఇంతవరకు ఎవరూ దాటలేదు.

జూన్ నెల, ఆదివారం, మధ్యాహ్నం రెండున్నర. పొద్దున నలభై నిమిషాల పాటు కుండపోతగా కురిసింది. తర్వాత ఎండ కాసి, నేల మీంచి ఆవిరి లేచింది. ఇప్పుడు నైరుతి దిక్కున ఆకాశం కమిలిన చర్మం రంగుకు తిరిగింది, అంచుల్లో పచ్చటి ఛాయ. గాలి ఉన్నట్టుండి పడిపోయింది. ట్రాక్ వెనక మోకాలెత్తు మొక్కజొన్న చేలో ఒక్క ఆకు కదలడం లేదు. స్టాండ్ల రేకుల కింద గూళ్లు కట్టుకున్న పిట్టలు లోపలికి దూరి బయటికి రావడం లేదు. మా కౌంటీలో పుట్టినవాళ్లకు అది సుడిగాలి వచ్చే గుర్తని చెప్పక్కర్లేదు. అందరూ ఆకాశాన్ని చూస్తూనే ఉన్నారు, చూసి మొహాలు తిప్పుకుంటున్నారు.

లవాన్‌కు అరవై ఒకటి. తండ్రి పొలాల కింద మట్టిగొట్టాలు పాతే కూలీ. ఇక్కడి నేల అడుగున సగం బురద. ఆ నీటిని వాగుల్లోకి పంపితే తప్ప పంట నిలవదు. భూములు ఆసాములవి, గొట్టాలు ఆసాములవి, పారపట్టిన చేతులు మాత్రం టెప్లీలవి. తవ్వడానికి ముందు ఆయన కూతుర్ని చెప్పులు విప్పించి చేలో నడిపించేవాడు. "కళ్లతో వెతకమాకు. పాదం పెట్టు. పైన ఎంత ఎండ కాసినా కింద నీళ్లుంటే చలి తగుల్తది" అనేవాడు. ఆయన యాభై రెండో ఏట ఒక కందకం కూలి అందులోనే పోయాడు. ఆ చేను ఆసామి శవపేటిక దగ్గరికి ఒక పైనాపిల్ కేకు పంపించాడు. ఆ కేకు ఎవరూ ముట్టలేదని లవాన్ ఇప్పటికీ చెబుతుంది.

పద్దెనిమిదేళ్లకు పందిమాంసం ఫ్యాక్టరీలో చేరింది. కత్తుల వరుసలో పన్నెండేళ్లు చేసి, ఆ వరుసకు పెద్ద అయింది. ఒకరోజు సూపర్‌వైజర్ వచ్చి, బెల్టు వేగం పెంచుతున్నాం, ఏం ఫర్వాలేదు కదా అని అడిగాడు. ఆమెకు ప్రమాదం ఉందని తెలుసు. అయినా తలూపింది. మూడో వారంలో పక్కన నిలబడి పనిచేసే ఎస్టెలా ఎడమచేతి రెండు వేళ్లు పోయాయి. ఎస్టెలా ఆమెను ఒక్క మాట అనలేదు. ఆ నెలాఖరుకే లవాన్ ఫ్యాక్టరీ మానేసి ట్రాక్‌లో నీళ్ల ట్యాంకర్ తోలడానికి చేరింది. ఆడమనిషి ట్యాంకర్ తోలడమేంటని మొదట్లో మగాళ్లు నవ్వారు. రెండేళ్లు తిరిగేసరికి మట్టి సంగతి ఆమెనే అడగడం మొదలుపెట్టారు. జీతం ఎంతో చెప్పుకునేంత ఉండదు. నాలుగో మలుపు వెనకున్న ట్రైలర్ ఇంట్లో ఉండనిస్తారు. ఆ ట్రైలర్ ట్రాక్ యజమానిది. కాగితం లేదు, గడువు లేదు. మొగుడు పెళ్లైన రెండో ఏడే వెళ్లిపోయాడు. ఆ విషయం చెప్పేటప్పుడు ఆమె గొంతులో పెద్ద బాధేం ఉండదు. చెల్లెలు పోయాక తొమ్మిదేళ్ల పిల్లాణ్ణి తెచ్చి పెంచింది. అతనే కెల్లెన్. ఇప్పుడు ఇరవై నాలుగు. ఈ సీజన్లో అందరికంటే ముందున్న డ్రైవరు.

పొద్దుటి వాన ఆగగానే మైకులో పిలిచారు. పికప్ ట్రక్కులున్నవాళ్లంతా ట్రాక్ మీదికి దిగి తొక్కించండి అని. వాన పడ్డ ప్రతిసారీ ఇక్కడ జరిగేదే. జనం తమ తమ బండ్లు తెచ్చి, పిల్లల్ని వెనక ఎక్కించుకుని, బురదలో గుండ్రంగా తిరుగుతారు. చక్రాల కింద బంకమట్టి అణిగి, అణిగి, నల్లగా మెరుపు తేలుతుంది. ఆ మెరుపు కనపడితే నేల గట్టిపడిందని లెక్క. ఇవాళ యాభై అరవై బండ్లు గంటసేపు తిరిగాయి. ట్రాక్ అద్దంలా తయారైంది.

లవాన్ ట్యాంకర్ సీట్లోంచి ఆ గంటా చూస్తూనే ఉంది. మలుపుల్లో బాట బయటి గోడ వైపు ఏటవాలుగా లేస్తుంది; ఏ బండీ ఆ పైగోడ జోలికి పోలేదు. పోదు కూడా; సొంతడబ్బుతో కొనుక్కున్న పికప్‌ను సిమెంటు గోడకు ఎవరు రాస్తారు. అందరూ కింది వరుసలోనే తిరిగారు. పందెం కార్లు మాత్రం పరిగెత్తేది పైన, గోడకు మూరెడు దూరంలో, చక్రాలు చిమ్మిన మట్టి గట్టు కట్టే చోట. అక్కడ కనపడే మెరుపు చక్రాలు తొక్కి తెచ్చింది కాదు, ఎండకు పైపొర ఆరి వచ్చింది.

మొదటి మలుపు బాగుంది. పాదం కింద గోరువెచ్చగా, గట్టిగా. రెండోది బాగుంది. వెనకవైపు తిన్నటి బాట మీద ఆమె గబగబా నడిచింది. మూడో మలుపులో పైకి ఎక్కింది.

చలి.

నాలుగడుగులు వేసింది. ఇంకా చలి. అరికాలి నుంచి మడమ దాకా, బావిగట్టు మీద నిలబడ్డట్టు. ఒంటికాలి మీద బరువంతా వేసి మెల్లగా ఊగింది. నేల ఆమెతో పాటు ఊగింది, చాలా కొంచెం, పరుపులాగా. పక్కన గోడ మీద పందిషెడ్ల కంపెనీ పేరుతో పెద్ద బోర్డు, గులాబిరంగు పంది నవ్వుతోంది. బోర్డు వెనకే కాలవ. నిరుడు ఆ కంపెనీ ఎగువ పొలాల్లో పన్నెండు షెడ్లు వేసి, చుట్టుపక్కల చేలన్నిటి కింద కొత్త గొట్టాలు పరిచి, నీళ్లన్నీ ఆ కాలవలోకి వదిలింది. పాత కాలవకు అంత నీటిని మోసే శక్తి లేదు. మిగిలిన నీరు ట్రాక్ కిందికి పాకుతోందని లవాన్ మార్చిలో ఒకసారి, మే నెలలో ఒకసారి చెప్పింది. డబ్బిచ్చి బోర్డు పెట్టినవాళ్ల మీద ఫిర్యాదు ఎలా చేస్తామని యజమాని నవ్వేశాడు.

బోర్డు దాటాక, తీగల కంచె వెనక గడ్డిమిట్ట. చవక టిక్కెట్ల చోటు. ఫ్యాక్టరీవాళ్లంతా అక్కడే. మడతకుర్చీలు, మంచుపెట్టెలు, పసిపిల్లలు. కంచెకు కట్టిన ఉక్కుతాళ్లు రెండు చోట్ల వదులుగా వేలాడుతున్నాయి.

"ఏంటి, కాళ్లు కడుక్కుంటున్నావా?" కంచె అవతల నుంచి ఎస్టెలా అడిగింది. మనవరాలిని చంకనేసుకుని, మూడువేళ్ల చేత్తో మొక్కజొన్న కండె పట్టుకుని ఉంది. "వాన వస్తదంటావా?"

"వస్తది."

"పందెం అయ్యేలోపా, అయ్యాకా? మా ఆయన పన్నెండు గంటల షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. వానకు తడిసి పోవాలంటే ఇంటికాడే తడిసేవాడు."

లవాన్ నవ్వలేదు. "పిల్లల్ని తీసుకుని బండ్లకాడికి పోండి ఎస్టెలా."

"మంచి చోటు దొరికిందే. ఇప్పుడు వదిలితే..."

"నేను చెప్తున్నా కదా. వదిలెయ్."

ఎస్టెలా ఆమె మొహంకేసి ఒక్క క్షణం చూసింది. తర్వాత తలతిప్పి స్పానిష్‌లో ఎవర్నో పిలిచింది.

గేటు దగ్గర యజమాని డ్వైట్ ఓస్టర్‌హౌస్ ఫోన్లో వాన జాడ చూపే రాడార్ బొమ్మ చూస్తూ నిలబడ్డాడు. ఆ బొమ్మలో ఎర్రమచ్చ కౌంటీ సరిహద్దు దాటింది. పందెం ఇరవై అయిదు చుట్లు. పదమూడు చుట్లు అయ్యాక వాన పడితే పందెం జరిగినట్టే. అంతకు ముందే పడితే టిక్కెట్లన్నీ ఇంకో రోజుకు చెల్లుతాయి. ఆ రోజు జనమంతా మళ్లీ డబ్బు కట్టకుండా కూర్చుని చూస్తారు. డ్వైట్‌కు కావలసింది పదమూడు చుట్లు.

"చెయ్యెత్తు లవాన్. పావుగంట టైముంది మనకి."

"ఎత్తను. మూడో మలుపు పైన అడుగంతా నీళ్లు."

"గంటసేపు తొక్కించాం కదమ్మా. అద్దంలా మెరుస్తుంటే."

"తొక్కింది కింద. పైకి ఒక్కడు పోలా. అది ఉత్త పెచ్చు."

డ్వైట్ గొంతు తగ్గించాడు. "చూడు. పికప్ రెండున్నర టన్నులు. ఈ కారు ముప్పావు టన్ను లేదు. పెచ్చో గిచ్చో, దాన్ని మొయ్యదా?"

"బరువు సంగతి కాదయ్యా. ఇరవై నాలుగు కార్లు ఒక్కచోటే వెనకచక్రంతో కొరుకుతయ్. అయిదు చుట్లకు పెచ్చు పోద్ది. ఆరో చుట్టుకు గొయ్యి. నూటముప్ఫై మైళ్ల స్పీడులో చక్రం గోతిలో దిగితే కారు ఎటు పోద్దో నీకు తెలీదా? కంచె దాటుద్ది. కంచె అవతల ఎవరున్నారో చూశావా?"

"ఆళ్లు ఎగబడి కొనే టిక్కెట్టు మీద రాసే ఉంది, ప్రమాదానికి బాధ్యత మీదే అని."

ఇంత జరుగుతుండగా కార్లు వరుస కట్టాయి. స్ప్రింట్ కారనే ఈ పందెం బండికి తనంతట తాను స్టార్టయ్యే మోటారూ తాళమూ ఉండవు. వెనక నుంచి ట్రక్కు నెడితేనే ఇంజను అందుకుంటుంది. ట్రక్కులు వెనక చేరాయి. నెత్తి మీద పెద్ద రేకురెక్కతో ముందువరుసలో నీలంకారు. అందులోంచి కెల్లెన్ హెల్మెట్ తీసి అరిచాడు.

"పెద్దమ్మా, ఏంటీ ఆలస్యం?"

ఆమె దగ్గరికెళ్లి చెప్పింది. అతను విన్నాడు. విని, ఆకాశం వైపు, స్టాండ్ల వైపు చూశాడు. ఇండియానా నుంచి పెద్దజట్టు మనిషి ఒకడు అతని కోసమే వచ్చి స్టాండ్లో కూర్చున్నాడు. ఇవాళ గెలిస్తే వచ్చే ఏడు తమ కారు తోలే సీటు ఇస్తానన్నాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"నేను కింద తోల్తాలే."

"నువ్వు కింద తోలవు. వెనకోడు పైనుంచి దాటుతుంటే నువ్వు చచ్చినా కింద ఉండవు. నిన్ను పెంచింది నేను."

"పెంచావు. ఇప్పుడు నా నోటికాడిది తీసేస్తున్నావు. నీ కాళ్లకు చల్లగా ఉందని ఇరవై నాలుగు మందిమి ఇంటికి పోవాలా?" అతను హెల్మెట్ పెట్టుకున్నాడు. పట్టీ బిగించి, ఆమె వైపు చూడకుండా స్టీరింగ్ పట్టుకున్నాడు.

డ్వైట్ రేడియోలో జెండా మనిషితో మాట్లాడుతున్నాడు. "ఆమె చెయ్యి కోసం చూడమాకు. నేను చెప్తున్నా. నెట్టించు."

ఇరవై తొమ్మిదేళ్ల ఆచారం తెగిపోవడానికి ఒక్క రేడియో మాట చాలింది. జెండా మనిషి దూరం నుంచి లవాన్ వైపు చూశాడు. ఆమె చేతులు కిందనే ఉన్నాయి. అతను మొహం తిప్పుకుని, ట్రక్కులకు సైగ చేశాడు. మొదటి ఇంజను అందుకుని గాలంతా మిథనాల్ ఇంధనపు కమురు కమ్మింది.

లవాన్ బూట్లు తొడుక్కోలేదు. మెట్టు ఎక్కి, ట్యాంకర్ స్టార్ట్ చేసి, గేటు దాటి ట్రాక్ మీదికి పోనిచ్చింది. ట్యాంకు నిండుగా ఉంది. బాట ఎండితే తడపడానికని మధ్యాహ్నమే నింపింది. ఎడమకు తిప్పితే నాలుగో మలుపు మీదుగా మూడోది దగ్గర. కార్లకు ఎదురుదారి. అవి రెండో మలుపు తిరుగుతుండగా ఆమె మూడో మలుపు పైకి ఎక్కింది.

రేడియోలో డ్వైట్ గొంతు. "ఏం చేస్తున్నావ్? ఏం చేస్తున్నావ్ నువ్వు? దిగు."

పందిబొమ్మ ఎదురుగా వచ్చేదాకా తోలి, గోడకు మూరెడు దూరంలో ఆపింది. ఒక్క నిమిషం ఏమీ కాలేదు. ఎర్రజెండా ఊపారు. కార్లు వెనకబాటలో ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇంజన్లు ఆగాక ఉరుము వినపడింది. అప్పటిదాకా ఇంజన్ల మోతలో అది కలిసిపోయి ఉంది.

అప్పుడు ట్యాంకర్ వెనకభాగం కిందికి దిగింది. పడలేదు, దిగింది. రొట్టె పైపొర చిట్లినట్టు నేల నాలుగువైపులా బీటలిచ్చి, కుడివైపు వెనకచక్రాలు రెండూ ఇరుసు దాకా మునిగాయి. బీటల్లోంచి నల్లటి నీళ్లు ఉబికాయి. పంది పేడ కంపు. లవాన్ తలుపు తీసుకుని, ఒరిగిన మెట్టు పట్టుకుని దూకింది.

కెల్లెన్ బెల్టులు విప్పుకుని పరిగెత్తుకొచ్చాడు. పెద్దమ్మను తిట్టడానికే వచ్చాడు. నోరు తెరిచే ఉంది. ఆమెకు పదడుగుల దూరంలో అతని కుడికాలు మోకాలి దాకా నేలలోకి పోయింది. ముందుకు పడబోయి చేతులు ఆన్చాడు. ఆ చేతులూ మణికట్టు దాకా దిగాయి. అలాగే ఉండిపోయాడు. అతని మొహంలో కోపం ఎటు పోయిందో తెలీదు.

"కావాలని చేశావు." గేటు నుంచి గోడ వెనక్కి పరిగెత్తుకొచ్చిన డ్వైట్, దాని మీద చేతులు ఆన్చి అంటున్నాడు. "కావాలని బండి దించావు. బుధవారానికి ట్రైలర్ ఖాళీ చెయ్. వింటున్నావా?"

"విన్నా."

"సాయంత్రానికల్లా ఈ గొయ్యి పూడ్పించి..." అతను మాట ఆపేశాడు. గోడ చేతుల కింద కదిలినట్టనిపించి ఉంటుంది. చేతులు తీసేసి రెండడుగులు వెనక్కి వేశాడు.

ఊళ్లోంచి సుడిగాలి హెచ్చరిక సైరన్ మొదలైంది. గడ్డిమిట్ట మీద జనం అప్పటికే సగం ఖాళీ అయ్యారు, మిగిలినవాళ్లు కుర్చీలు వదిలేసి పరిగెత్తుతున్నారు. ఎస్టెలా తన పికప్ తలుపు తెరిచి పట్టుకుని లవాన్ పేరు పిలుస్తోంది. మొదటి చినుకులు పడ్డాయి. పెద్దవి, ఒక్కొక్కటి విడివిడిగా.

లవాన్ నేల మీద బోర్లా పడుకుని చెయ్యి చాచింది. కెల్లెన్ పట్టుకున్నాడు. లాగింది. కాలు రాలేదు.

"పెద్దమ్మా, ఇదెంత లోతుంది?"

"తెలీదు. ఊగమాకు. మెల్లగా, మడమ తిప్పుకుంటా లాగు."

బూటు లోపలే వదిలేసి కాలు బయటికి తీశాడు. ఇద్దరూ పాక్కుంటూ కింది వరుసలోకి, పికప్‌లు తొక్కిన గట్టినేల మీదికి చేరారు. అక్కడ లేచి నిలబడి, వెనక్కి తిరిగి చూశారు. మూడో మలుపులో కంచె స్తంభాలు మూడు, ఎవరూ ముట్టుకోకుండానే, గడ్డిమిట్ట వైపు ఒరుగుతున్నాయి. ట్యాంకర్ ఇంకా దిగుతూనే ఉంది.