ఇద్రీస్ చెంపల గీతలు

పదకొండేళ్లుగా నా కుడిచేతికి ఒక బరువు ఉండేది. ఈ నెల రెండో శుక్రవారం సాయంత్రం, నాలుగు వందల కుర్చీలున్న హాల్లో, మైకు ముందు దాన్ని దించాను. అక్కడ నాకు రెండు నిమిషాలే ఇచ్చారు. రెండు నిమిషాల్లో తప్పు ఒప్పుకోవచ్చు గానీ అది ఎలా పుట్టిందో చెప్పలేం. అందుకని మీకు మొదటినుంచి చెబుతాను.

నేను చేసింది ఆరు గీతలు గీయడం. ఒక్కో చెంపకు మూడు.

మాది రాజంపేట దగ్గర పల్లె, వచ్చి పడింది ఈ గల్ఫ్ దేశానికి. ఫహాహీల్‌లో ముప్పై ఒక్క ఏళ్లు ఆడవాళ్ల బ్యూటీ పార్లర్ పని చేశాను. మొదటి ఏడేళ్లు జీతానికి, తర్వాత సొంతంగా. పెళ్లికూతుళ్లను తెల్లగా చేయడం నా రోజువారీ పని. తెలుగువాళ్ల నాటకాలకు, వాళ్లు తీసుకునే చిన్న చిన్న సినిమాలకు మనుషుల్ని నల్లగా చేయడం శుక్రవారం పని. రెంటికీ ఒకటే పెట్టె. ఆ సంగతి నాకు ఏనాడూ వింతగా తోచలేదు. ఎందుకు తోచలేదు? చేయి పనిలో ఉన్నప్పుడు తల పని చేయదా? నా తల బాగానే పని చేస్తుంది. ఎవరి పెళ్లికి ఏ తేదీన ఏ రంగు ఎంత కలిపానో ఇప్పటికీ చెప్పగలను.

అప్పట్లో మేం అబూ హలీఫాలో నాలుగో అంతస్తులో ఉండేవాళ్లం. ఆ బిల్డింగు కాపలావాడి పేరు ఇద్రీస్. కాపలావాణ్ణి ఇక్కడ హారిస్ అంటారు. సూడాన్ నుంచి వచ్చాడు. యాభై దాటినవాడు. అందరి తాళాలూ అతని దగ్గరే ఉండేవి. ఊరికి వెళ్లేవాళ్లు మొక్కలకు నీళ్లు పోయమని ఫ్లాటు మొత్తం అతనికి వదిలి వెళ్లేవాళ్లు. గ్యాస్ సిలిండర్లు మోసేవాడు. అతని రెండు చెంపల మీదా మూడేసి అడ్డగీతలు. వాళ్ల వైపు పాతకాలంలో చిన్నపిల్లలకు అలా గాట్లు పెట్టించేవాళ్లట. ఫలానా వాళ్ల బిడ్డ అని ముఖం చూస్తే తెలియడానికి.

ఆ గీతలు నాకు ఎలా తెలుసో చెప్పాలి. చెప్పడానికి కష్టమైనది ఇదే.

ఒక మార్చి నెలలో మా ఆయనకు ఊపిరి ఆడలేదు. అంబులెన్సు కిందికి వచ్చింది. లిఫ్టు ఆగిపోయి ఉంది. ఇద్రీస్ మా ఆయన్ని వీపు మీద వేసుకుని దిగాడు. నేను పక్కనే గోడకు ఆనుకుంటూ, ఆయన చేయి జారకుండా పట్టుకుని దిగాను. ఇద్రీస్ చెంప నా కళ్లకు ఎదురుగా ఉంది. ఏడవకుండా ఉండడానికి ఆ గీతల్నే చూస్తూ దిగాను. ఎడమ చెంప మీద మధ్య గీత మిగతా రెంటికన్నా పొట్టి. చెమట ఆ గీతల్లోంచి పక్కకు కారుతోంది. మా ఆయన ఆ తర్వాత మూడేళ్లు బతికారు.

ఊపిరాడని ఆ రోజుకు ఏడాది దాటాక, ఏప్రిల్‌లో, ఉగాది వేడుకల కోసం ఇక్కడి మన తెలుగు సంఘం కుర్రాళ్లు ఇరవై నిమిషాల సినిమా తీశారు. తీసింది ప్రసాదు. రాజోలు అబ్బాయి, ఏసీ కంపెనీలో పని. కథ చిన్నదే. ఒక బిల్డింగులో దొంగ ప్రతి ఫ్లాటు నుంచీ ప్రెషర్ కుక్కరు ఎత్తుకుపోతుంటాడు, పొయ్యి మీద ఉన్నది ఉన్నట్టుగా. అది అతని సంచిలో విజిల్ వేస్తుంది. ప్రసాదు రాసుకున్నదాంట్లో దొంగకు ముఖం లేదు. టోపీ, మఫ్లరు, అంతే. నేనే ఊరుకోలేదు. నల్లటి ముఖం కనబడకపోతే జనం నవ్వరన్నాను. నలుపు కలిపాను. దొంగ వేషం కుర్రాడికి పూసి, ఉంగరాల విగ్గు పెట్టాను. కనురెప్పల వెంట్రుకలు అతికించే జిగురు మూడు పూతలు వేసి, ఆరబెట్టి, ఒక్కో చెంప మీద మూడేసి ఉబ్బుగీతలు లేపాను. నలభై నిమిషాలు పట్టింది. ఎడమ చెంప మీద మధ్య గీతను పొట్టిగా గీశాను.

నన్ను ఎవరూ గీయమనలేదు. ప్రసాదు అప్పుడు లైట్ల దగ్గర ఉన్నాడు. తర్వాత చూసి, "ఆయ్, అదిరిందండక్కా" అన్నాడు. అంతే.

ఎందుకు గీశాను? ఇన్నేళ్లూ తిప్పి తిప్పి అడుగుతున్నాను. పగ లేదు. కోపం లేదు. అతను మా ఇంటికి చేసిన మేలు మరిచిపోనూ లేదు. నవ్వు కావాలి, అంతే. మన సినిమా నగరాన్ని చూపిస్తే ఎవరు ఏమిటో ముఖం చూడగానే తెలిసిపోవాలి. వాచ్‌మన్ వస్తే సలాం కొట్టాలి. పనిమనిషి వస్తే మా కడప యాస మాట్లాడాలి. బాగా నల్లగా, ఉంగరాల జుట్టుతో ఒకడు వస్తే మనం జేబు తడుముకోవాలి. వాడికి ఇల్లు ఉండదు, తల్లి ఉండదు, సరైన మాట ఉండదు. అలాంటివాడు ఎవరినైనా వీపున మోసుకుని మెట్లు దిగిన సీను నేను చూసిన సినిమాల్లో ఒక్కటైనా ఉందా అని ఒకరోజు కూర్చుని వెతుక్కున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు. కళ్లముందు జరిగినదాని కన్నా తెర మీద చూసిందే నా చేతికి బాగా అలవాటైపోయింది.

తెలియక చేశానని అనడానికి కూడా లేదు. అంతకు ముందటి రంజాన్ నెలలో ఇక్కడి టీవీలో ఒక హాస్య సీరియల్ వచ్చేది. అందులో ఇండియా వంటవాడు ఉన్నాడు. ఇక్కడి నటుడే ముఖానికి గోధుమరంగు పూసుకుని, జుట్టుకు నూనె కారేలా రాసుకుని, మాటకు ముందు తల ఊపి, తర్వాత తల ఊపేవాడు. పార్లర్‌కు వచ్చిన ఆడవాళ్లు అది తలుచుకుని నా ఎదుటే నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. మేకప్ కూడా చేతకాలేదు వాళ్లకు, మెడకు రంగు పూయడం మరిచిపోయారు అని మా ఆయనతో ముప్పై రోజులూ గొణిగాను.

నేను మెడ కూడా వదల్లేదు. చెవుల వెనక కూడా పూశాను.

ఉగాది వేడుకలో హాలు విరగబడి నవ్వింది. మా బిల్డింగువాళ్లు ఇద్రీస్‌ను పోల్చుకుని ఇంకా నవ్వారు. నా పక్కన కూర్చున్న మా ఆయన నవ్వలేదు. ఆ రాత్రిగానీ ఆ తర్వాతగానీ ఆయన నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నా? ఏమో.

ఆ సినిమా ఫోన్లలో తిరిగింది. మా బిల్డింగు పిల్లలు ఇద్రీస్‌ను చూడగానే నోటితో విజిల్ వేసి పారిపోయేవాళ్లు. మొదట అతనూ వాళ్లతో నవ్వేవాడు. తర్వాత తాళాలు ఇవ్వడం ఒక్కొక్కరే మానేశారు. మే నెలలో రెండో అంతస్తు తలుపు బయట పెట్టిన రెండు సిలిండర్లు కనబడలేదు. ఎవరు తీశారో ఈనాటికీ తెలియదు. ఎవరూ చూడలేదు, ఎవరూ వెతకలేదు. నలుగురు కలిసి ఓనరు మనిషికి ఫోను చేశారు. అతను వచ్చి ఇద్రీస్‌తో "ఖలాస్" అన్నాడు. అయిపోయింది.

వెళ్లే ముందు ఇద్రీస్ మా తలుపు తట్టాడు. ఎవరో సినిమా చూపించారు. ఫోన్లో దొంగ ముఖం దగ్గర ఆపి పట్టుకున్నాడు. మా ఇద్దరి మాటలూ అరబీలోనే.

"మదామ్, ఇది నేనేనా?"

"కాదు. వేషం వేసిన కుర్రాడు."

"కుర్రాడు వేరే. గీతలు నావి. ఇవి మా నాయనమ్మ పెట్టించింది. ఎవరు గీశారు?"

"నాకు తెలియదు. సినిమా తీసిన ప్రసాదును అడుగు."

అతను ఫోన్లో ఆ ఎడమ చెంపను వేళ్లతో పెద్దది చేశాడు.

"ఎడమవైపు మధ్య గీత పొట్టి. నాకు మూడేళ్లప్పుడు ఏడ్చి తల తిప్పుకున్నానట, అందుకని. అది కూడా సరిగ్గా గీశారు. నన్ను అంత దగ్గరగా చూసినవాళ్లు ఎవరు మదామ్?"

నేను అతని చెంప మీంచి చూపు తిప్పుకున్నాను.

"మీ ఆయన జాగ్రత్త" అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

అతనికి తెలుసా? తెలిసే అడిగాడా? తెలిస్తే, చివరి మాటగా మా ఆయన క్షేమం ఎందుకు కోరాడు?   అతను సులైబియాలో ఒక గోదాము కాపలాకు కుదిరాడని విన్నాను. మా ఆయన పోయాక, ధైర్యం కూడగట్టుకుని వెతుక్కుంటూ వెళ్లాను. అప్పటికే తన దేశం వెళ్లిపోయాడన్నారు. ఇప్పుడు అక్కడ యుద్ధం. గోదాము వాళ్లిచ్చిన నంబరు మోగదు.

నేను చెప్పిన అబద్ధం అక్కడితో ఆగలేదు. ఇద్రీస్ ఆ రోజు నేరుగా ప్రసాదు దగ్గరికి వెళ్లాడు. ప్రసాదుకు ఎవరు గీయమన్నారో గుర్తు లేదు. డైరెక్టర్ని కదా, నేనే చెప్పి ఉంటానని అనుకున్నాడు. తప్పు తనదేనన్నాడు. ఇద్రీస్ కాళ్లు పట్టుకున్నాడట. ఆ తర్వాత కెమెరా ముట్టలేదు. కథలు కథలుగా మాట్లాడే పిల్లవాడు పదేళ్లు ఒక్క సినిమా తీయలేదు. నేను అతనికి ప్రతి ఉగాదికీ పచ్చడి పంపుతూనే ఉన్నాను.

ఈ ఫిబ్రవరిలో వచ్చాడు. జుట్టు నెరిసింది.

"సంఘంవాళ్లు మళ్లీ ఆ కుక్కరు దొంగే కావాలంటున్నారండక్కా. అప్పుడు నవ్వినట్టు మళ్లీ నవ్వలేదంట జనం. ఆ జోలికి పోనని చెప్పేశానండి."

"ఎందుకు పోవు?"

"ఆ గీతలు గీయమన్న పాపం నాదే కదండి. ఎలా చెప్పానో గుర్తు రావట్లేదు గానీ..."

అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. కానీ ఒక్కడికి, నా వంటింట్లో చెబితే సరిపోదని ఆ క్షణంలోనే అర్థమైంది. తప్పు హాల్లో చేశాను. హాల్లోనే చెప్పాలి.

"తియ్యి ప్రసాదూ. అదే కత తియ్యి. ఈ తూరి దొంగ ఎవురో నేను చెప్తా. రంగు పూసే పని ల్యా. దొంగ యేసం నేనే ఏస్తా."

"మీరా! పట్టుచీర కట్టుకుని, ఇంత బొట్టు పెట్టుకుని దొంగేంటండక్కా? జనం నమ్మొద్దా?"

"నమ్మకూడదు నాయనా. అదే కద కత."

 అతను నవ్వాడు. ఆ నవ్వు చూసి పదేళ్లయింది.

మూడు శుక్రవారాల్లో తీశాం. నా వయసు అరవై తొమ్మిది. మోకాలు సహకరించకపోయినా నాలుగు అంతస్తులూ ఎక్కాను, దిగాను. హారిస్ వేషం వేసిన కుర్రాడు నా దగ్గర మేకప్‌కు కూర్చుంటే సబ్బిచ్చి ముఖం కడుక్కుని రమ్మన్నాను. ఈ సినిమాకు నేను చేసిన మేకప్ అంతే.

సినిమాలో నేను ఫ్లాటు ఫ్లాటుకూ పేరంటానికి పిలిచేదానిలా వెళతాను. కుక్కరు సంచిలో వేసుకుంటాను. లిఫ్టులో అది విజిల్ వేస్తుంది. నేను దగ్గుతాను. "జలుబు చేసినట్టుంది పెద్దమ్మా" అంటాడు పక్కనున్న పెద్దమనిషి, సంచి నా చేతిలోంచి మర్యాదగా అందుకుని. ఆ సంచి మోస్తూనే లిఫ్టు దిగి, హారిస్ గది సోదా చేయిస్తాడు. కార్లు కడిగే మనిషి బకెట్టు తిరగేయిస్తాడు. కింద మెట్ల మీద కూర్చున్న ఆఫ్రికా కుర్రాణ్ణి జేబులు చూపించమంటాడు. విజిల్ వచ్చినప్పుడల్లా, "మీరు కూర్చోండి పెద్దమ్మా, వీళ్ల సంగతి నేను చూస్తా" అంటాడు.

మొన్న శుక్రవారం తెర మీద రెండో విజిల్‌కు హాలు నవ్వింది. మూడో విజిల్‌కు కుర్చీలు ఊగాయి. ముందు వరుసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంటోంది. చీకట్లో నా గుండె ఎంత పొంగిందో చెప్పలేను. చిటికెడు నలుపు లేదు. ఎవరి ముఖమూ అరువు తేలేదు. ఆనాటి కన్నా ఎక్కువ నవ్వు! నలుపు లేకపోతే జనం నవ్వరని పదకొండేళ్ల కిందట నేను చెప్పింది అబద్ధమని నాలుగు వందల మంది నా ఎదుట రుజువు చేశారు. ఓడిపోయి అంత సంతోషం నేను ఎప్పుడూ ఎరగను.

తర్వాత, జేబుల సీను దగ్గరికి వచ్చేసరికి, నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది. ఆ తర్వాత కొందరు నవ్వలేదు.

లైట్లు వేశారు. పెద్దమ్మను రెండు మాటలు మాట్లాడమన్నారు. మైకు అందుకున్నాను. 

"పాత సినిమాలో దొంగ చెంపల మింద గీతలు గీసింది నేను. ప్రసాదు గీయమన్లేదు. అప్పుడు వానికి తెలీను కూడా తెలీదు. ఆ గీతలు ఇద్రీస్‌వి. ఆయప్ప మా ఆయన్ని వీపున మోసి బతికించినోడు. నేను గీసినందుకు ఆయప్ప పని పోయింది. ఎవరు గీసినారని నా ఇంటికొచ్చి అడిగితే తెలీదన్నాను."

అదే మళ్లీ అరబీలో చెప్పాను. తలుపు దగ్గరున్న హాలు కాపలావాళ్లకు కూడా అర్థం కావాలి. వాళ్లలో ఒకతను కుర్చీ మీంచి లేచి నిలబడ్డాడు.  చప్పట్లు ఎవరూ కొట్టలేదు. కొట్టకపోవడమే మంచిదయింది.

ప్రసాదు వేదిక పక్కకు వచ్చాడు. ముఖం ఎర్రబడింది.

"నేను ఆయన కాళ్లు పట్టుకున్నానండక్కా" అన్నాడు.  కెమెరా సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. కెమెరా మాత్రం వదిలి వెళ్లలేదు. అది చూశాను.

నా మాటల్ని ఎవరో ఫోనులో తీశారట. సంఘంవాళ్లు వచ్చి, పెద్దావిడ కదా, పరువు పోతుంది, తీసేయిద్దామా అని అడిగారు. వద్దన్నాను. పాత సినిమా ఏ ఫోన్లలో తిరిగిందో ఆ ఫోన్లన్నిటిలో ఇదీ తిరగాలి. సులైబియా గోదాములదాకా పోవాలి. ఇంకా దూరం పోతే పోనివ్వండి.

ఫహాహీల్ నుంచి సముద్రం పక్క రోడ్డు మీద బస్సులో ఇంటికి వచ్చాను. నిలబడే వచ్చాను. ఒక కుర్రాడు లేచి సీటు ఇవ్వబోయాడు. వద్దన్నాను. కుడిచేత్తో పైనున్న కడ్డీ పట్టుకున్నాను. చేయి తేలిగ్గా ఉంది.

ఆ గీతలు ఎవరు గీశారని ఇద్రీస్ అడిగాడు. నేను గీశాను.