ఎద్దుల పలుపు

మాది పావగడ తాలూకా క్యాతగానచెర్లు. పొలం సోలార్ పార్కుకు లీజుకిచ్చి ఎద్దుల్ని అమ్మేశాక, ఖాళీ కొట్టంలో నా బైకును నేనే రిపేరు చేసుకునేవాణ్ణి. వంగి వంగి నడుము పట్టేస్తుంటే, బండిని నడుమెత్తుకు లేపే లిఫ్టు కొందామని మా నాయనతో హిందూపురం వెళ్లాను.

బండిని బిగించే బెల్టులున్న లిఫ్టును నేను చూస్తుంటే నాయన అడ్డం పడ్డాడు.

"బెల్టులెందుకురా? రెండెద్దుల్ని ఆపిన పలుపు ఇంట్లో ఉండాది. బండిని ఆపలేదా?"

బెల్టుల్లేనిదే తెచ్చుకున్నాం.

ఎద్దులు పోయినా ఆ నార పలుపు కొట్టంలో కొయ్యకు అలాగే వేలాడుతుండేది. బండిని పైకి లేపాక నాయనే దాంతో కట్టాడు. నేను వెనక చక్రం నట్టు విప్పుతుండగా పలుపు పుటుక్కున తెగి, బండి నా వైపు ఒరిగింది. బెదిరిన ఎద్దును ఆపేటట్టు "హో... హో" అంటూ నాయన చెయ్యి అడ్డం పెట్టాడు. బండి ఆ చేతి మీదే పడింది.

కుడిచేతి వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు, తెగిన పలుపును ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో నిమురుతూ కూర్చున్నాడు. పారేస్తానంటే ఇవ్వలేదు.

"దీని తప్పేముందప్పా? ఎద్దులు పోయిన పొద్దే ఇదీ సచ్చిపోయింది. మనమే చూసుకోలేదు" అన్నాడు.