ఫ్లెక్సీలో నా మొహం

నరసరావుపేటలో పుట్టినరోజుకి ఫ్లెక్సీ, పెళ్ళికి ఫ్లెక్సీ, దినానికీ ఫ్లెక్సీ. బస్టాండు సెంటర్లో ఆకాశం కనపడాలంటే మెడ బాగా వెనక్కి వాల్చాలి. అలాంటి ఊళ్ళో ఫ్లెక్సీకి ఎక్కకూడనిదాన్ని నేనొక్కదాన్నే అనిపించేది. ఎందుకంటే నేను ఆర్కిటెక్టుని.

మా వృత్తి నియమాల్లో అలా ఉంది. ఆర్కిటెక్టు తన పని గురించి ప్రకటన ఇచ్చుకోకూడదు, తన పేరుతో ఇంకొకర్ని ఇవ్వనివ్వకూడదు. ఆఫీసు బయట పేరు రాసుకోవచ్చు, అక్షరాలు మాత్రం బెత్తెడు దాటకూడదు. ఎవరైనా మా ఆర్కిటెక్టుల కౌన్సిల్‌కి ఫిర్యాదు చేస్తే రిజిస్ట్రేషనే పోవచ్చు. ఐదేళ్ళు చదివి తెచ్చుకున్న రిజిస్ట్రేషన్ అది, నాకున్న ఆస్తల్లా అదే. రిజిస్ట్రేషన్ అంటే ఏమిటో తెలియకుండా ప్లాన్లు గీసేవాళ్ళకి మాత్రం ఏ అడ్డూ లేదు. వాళ్ళ పేర్లు గోడలమీదా, ఆటోల వెనకా, కరెంటు స్తంభాలమీదా ఉంటాయి. బుద్ధిగా పేరు నమోదు చేయించుకున్నందుకు నోరు మూసుకోవలసింది నేనన్నమాట.

ఇవన్నీ మా మేనమామకి తెలియవు. తెలిసినా లెక్కచేసే మనిషి కాదు. గురజాల దగ్గర పల్లెలో ఒకప్పుడు సర్పంచి; పదవి పోయింది గానీ ఇస్త్రీ తెల్లచొక్కా పోలేదు. నా ఆఫీసుకి ఎవరూ రావడం లేదని మా అమ్మ ఆయన దగ్గర వాపోయిందట. ఆ వారంలోనే నేను బస్టాండు సెంటర్లో వెలిశాను.

ఫ్లెక్సీలో ముప్పాతిక భాగం మామయ్యే, నమస్కారం పెడుతూ. కింద గుండ్రాల్లో ఆయన అనుచరుల తలకాయలు. ఓ మూల పట్టుచీరలో నేను. ఏదో పెళ్ళి ఫోటోలోంచి కత్తిరించినట్టున్నారు, నా భుజంమీద ఎవరిదో చెయ్యి మిగిలిపోయింది. ‘ఇల్లు కట్టాలంటే మా మేనకోడలే’ అని మూరెడు అక్షరాలు, దాని పక్కన నా ఫోన్ నంబరు. నాకు ఒళ్ళు మండింది. దానికి మించి భయమేసింది. ఎవడైనా ఫోన్లో ఓ ఫోటో తీసి కౌన్సిల్‌కి పంపితే నా పని అయిపోయినట్టే.

ఫోన్లు మాత్రం తెగ వచ్చాయి. ఒకాయనకి పింఛను ఆగిందట. ఇంకొకావిడకి కోడలితో తగువట, మామయ్య వచ్చి తీర్చాలట. ఇల్లు కట్టాలని ఒక్కరూ చేయలేదు.

మామయ్య ఊళ్ళోకి వచ్చినప్పుడు పట్టుకున్నాను. "మామయ్యా, ఆ ఫ్లెక్సీ తీయించెయ్. నా రిజిస్ట్రేషన్ పోద్ది."

"ఏందే, మంచి చెప్తే పోయేది?"

"మా రూల్సు అంతే."

"ఇయ్యేం రూల్సే తల్లీ! దొంగ సరుకమ్మేవోడు మైకేసుకుని తిరుగుతుంటే చదువుకున్నదానివి నువ్వు దాక్కోవాలా?" అన్నాడు. "అయినా అది తీస్తే అవతలోళ్ళు పీకించారనుకోరూ? మనోళ్ళు ఊరుకుంటారా? రోడ్డెక్కుతారు. చానా గొడవైపోద్ది."

చివరికి ఆయన మొహం ఉంచి నా మొహం తీసేసేట్టు రాజీ కుదిరింది. మాట తప్పలేదు మహానుభావుడు. రెండోరోజుకే నా మూలలో కొత్త బొమ్మ అతికించారు. మా వీధి చివర ప్లాన్లు గీసే ఆయనది. రిజిస్ట్రేషన్ లేదు గనక ఆయనకి పోయేదేమీ లేదు. ‘మా మేనకోడలే’ తీసేసి ‘మా తమ్ముడే’ అని రాశారు. ఆయన గుమ్మంముందు బళ్ళు ఆగడం మా కిటికీలోంచి చూస్తూ నేను టీ తాగేదాన్ని. కుళ్ళుకున్నాను కూడా, అబద్ధమెందుకు.

కొన్నాళ్ళకి మామయ్య చంకలో కాగితాల చుట్ట పెట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కాడు. పేటలో కొన్న స్థలంలో ఇల్లు కడుతున్నాడట. బల్లమీద చుట్ట విప్పాడు. కొత్త తమ్ముడు గీసిన ప్లాను. వంటగదికి కిటికీ లేదు.

"మున్సిపాలిటీలో లైసెన్సున్నోళ్ళ సంతకం కావాలంటన్నారమ్మాయ్. పేరు బయట కనపడకూడదన్నావుగా, ఇదిగో, లోపల పెట్టు."

"నేను గీయని ప్లానుమీద నేను సంతకం పెట్టకూడదు మామయ్యా. పెడితే రిజిస్ట్రేషన్ పోద్ది."

మామయ్య చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. "పొగిడితే పోద్దంటావు, సంతకం పెడితే పోద్దంటావు. ఇంతకీ ఏం చేస్తే పోదో అదన్నా చెప్పి చావవే!"

"ప్లాను గీస్తే పోదు మామయ్యా," అన్నాను. "అదొక్కటే నన్నెవరూ అడగలేదు."