చౌడమ్మ పొట్టేలుకు తాపిన మందు

గొర్ల మధ్యే పుట్టి, గొర్ల వెంటే అత్తగారింటికి నడిచొచ్చిన మనిషి జంగమ్మ. ఏటా ఎండాకాలం ఆమే, భర్త బీరన్నా సూర్యాపేట దగ్గరి ఊరి నుంచి కోదాడ పొలాలకు మంద తోలుకొస్తారు. రాత్రిపూట మడిలో మంద పెడితే రైతుకు ఎరువు, వీళ్లకు వడ్లు. తోడేలుకు జడవదు, పిడుగుకు జడవదు. అంతటి మనిషి 2014 వేసవిలో జానెడు సీసాకు గడగడా వణికిపోయింది.

సీసాలో ఉన్నది నట్టల మందు. ఒక్కసారి తాపితే ఏడాదిదాకా గొర్రె కడుపులో పురుగుండదని, ఇంటికే పంపుతామని ఫోన్‌లో వచ్చిన ప్రకటన కూతురు విజయ చదివి వినిపించింది. పశువుల దవాఖాన చుట్టూ తిరిగే బాధ తప్పుతుందని జంగమ్మ తెగ సంబరపడింది. ఊరుకుందా? మిర్యాలగూడ వైపు మంద తోలుకుపోయిన మరిది వీరేశానికి కూడా తెప్పించమంది.

ఆ ఇంటి అన్నదమ్ములిద్దరికీ ఒక పద్ధతి ఉంది. కొత్త మేతయినా, కొత్త మందయినా మొదట చౌడమ్మ పొట్టేలుకే. పెద్దగట్టు జాతరలో చౌడమ్మ తల్లికి ఇస్తామని మొక్కి, మందకొకటిగా విడిచే పొట్టేలది. జాతరదాకా దాని ఒంటికి ఇనుము తగలనివ్వరు, ఉన్ని కూడా కత్తిరించరు. ఆ పొద్దున జంగమ్మ దాని దవడ పట్టి మందు పోసింది. రెండో గొర్రెను పట్టేలోపే అది ముందుకాళ్ల మీద కూలబడింది. నోట్లో నురగ. కాసేపటికి ప్రాణం పోయింది.

విజయ సీసా మీది నంబరుకు ఫోన్ కలిపింది. మొదటిసారి పాట వినిపించింది. రెండోసారి ఎవరో హిందీలో ఏదో అడిగి పెట్టేశారు. ఆ తర్వాత స్విచాఫ్. పొలం రైతు ప్రభాకర్ సీసాను తిప్పి తిప్పి చూశాడు.

"కంపెనీ పేరు లేదు, ఊరు లేదు. ఎవడి మీద కేసు పెడతావమ్మా?" అన్నాడు.

సంతలో మోసం చేసినవాడయితే జంగమ్మ గల్లా పట్టి నిలదీసేదే. ఈ దిక్కుమాలినోడికి గల్లా ఎక్కడుందో ఎవరికి తెలుసు!

అంతకంటే పెద్ద భయం వీరేశం. అతనికీ అదే మందు చేరింది, మందలో రెండొందల గొర్లున్నాయి. ఫోన్ చేస్తే నమ్మలేదు. పోయిన జాతరకు జంగమ్మ వాళ్లు మొక్కు ఎగ్గొట్టారని, ఇది అమ్మవారి కోపమే తప్ప మందు తప్పు కాదని తేల్చేశాడు. డాక్టర్ కోసి చూసి చెబితే నమ్ముతాడట. పొద్దు నెత్తి మీదికి వచ్చేదాకా ఆగి, ఆ తర్వాత తాపేస్తాడట.

పశువుల డాక్టర్ రాజారత్నం ఇంకో ఊళ్లో ఉన్నాడు. అతను వచ్చేసరికి పొద్దు నెత్తి దాటి వాలుతోంది. కత్తి తీసి జంగమ్మ వైపు చూశాడు. బీరన్న ముఖం తిప్పుకుని గట్టు మీదికి వెళ్లిపోయాడు. అమ్మవారి పొట్టేలును కోయిస్తే ఆ పాపం బిడ్డకు చుట్టుకుంటుందేమోనని జంగమ్మకు భయం పట్టుకుంది. అయినా కూర్చుని పొట్టేలు కాళ్లు పట్టుకుంది.

"కొయ్యి సారూ. అమ్మకు నేను జెప్పుకుంట."

లోపలంతా ఉడికినట్టు తెల్లబారి ఉంది. ఇది మందు చేసిన పనేనని, ఇంకే జీవానికీ తాపొద్దని డాక్టర్ చెప్పాడు. జంగమ్మ రక్తపు చేతులతోనే ఫోన్ అందుకుంది. అది మోగీ మోగీ ఆగింది. మళ్లీ చేసింది. ఈసారి వీరేశం ఎత్తాడు. వెనక గొర్లు అరుస్తున్నాయి.

"ఎన్నిటికి తాపినవ్ వీరేశం?"

"ఒక్కదానికే వదినా." అన్నాడు వీరేశం. "చౌడమ్మ పొట్టేలుకు."