వైరు కొసకి కుంకుమ బొట్టు

చోడవరంలో తన ఆన్‌లైన్ సెంటర్ తెలియని మనిషి ఉండడని జగ్గారావు అభిప్రాయం. అందులో కొంత నిజం లేకపోలేదు. ఎస్టీడీ బూత్ అద్దాల గదిలో మొదలైన మనిషి, జెరాక్సు మీదుగా, నెట్ సెంటర్ మీదుగా వచ్చి, ఇవాళ ఆధార్ నుంచి అడంగల్ దాకా ఏది కావాలన్నా ప్రింటు తీసి ఇస్తున్నాడు. జిల్లా పేరు మారినా అతని బోర్డు మీద మాత్రం ఇప్పటికీ విశాఖపట్నం జిల్లా అనే ఉంది. ప్రభుత్వాలు తొందరపడితే తనెందుకు తొందరపడాలని అతని వాదన.

అతనికి గొప్ప గర్వం ఒకటుంది. గుమ్మం ఎక్కిన మనిషిని పని కాకుండా తిప్పి పంపిన పాపాన పోలేదు. సర్వర్ పడుకుంటే ఆ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, చెరకు రేటు మీద ఉపన్యాసం మొదలుపెట్టేవాడు. అది వినలేకే కాబోలు, కాసేపట్లో సర్వర్ లేచి కూర్చునేది.

కాలేజీ రోడ్డులో హరిబాబు అనే అతను మరో సెంటర్ తెరిచాడు. వయసు తక్కువ, మర్యాద ఎక్కువ, పని కూడా వచ్చు. ఇన్ని నేరాలు ఒక్కడే చేస్తే జగ్గారావు ఎలా క్షమిస్తాడు? "అక్కడ పెట్టిన అప్లికేషన్లు అనకాపల్లి కూడా దాటవమ్మా" అని ఊరంతా చెప్పేవాడు. నమ్మినవాళ్ళు నమ్మారు.

ఇలా ఉండగా పాత షాపు ఓనరు బిల్డింగు పడగొట్టి కట్టుకుంటానన్నాడు. జగ్గారావు మెయిన్ రోడ్డులో మంచి షాపు పట్టాడు. వాస్తు చూసినాయన పడమటి కిటికీ కూడదన్నాడు, ఇటుకలు పెట్టి మూయించేశాడు. దాంతో లక్ష్మి బయటకు పోయే దారి మూసుకుంది, ఫోన్ సిగ్నల్ లోపలికి వచ్చే దారీ మూసుకుంది. ఆషాఢం వెళ్ళాక శ్రావణంలో ఒక శుక్రవారం ఉదయం ముహూర్తం పెట్టారు.

ఇక నెట్ కనెక్షన్ మార్పించాలి. కంపెనీకి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి గొంతు మాటిమాటికీ మీ సహనానికి ధన్యవాదాలు అంది. లేనిదానికి ధన్యవాదాలు చెప్పడం ఆ కంపెనీకే చెల్లింది. మొత్తానికి ముహూర్తానికి ముందురోజు కంపెనీ మనిషి సంతోష్‌కుమార్ వచ్చాడు. స్తంభం నుంచి కొత్త షాపులోకి ఫైబర్ వైరు లాగి, దాని కొసన వెలుతురు సరిగ్గా వస్తోందో లేదో మిషను పెట్టి చూసి, కొసకి చిన్న మూత తొడిగాడు.

"రేపు పాత షాపులో రూటరు తెచ్చి ఈ కొస గుచ్చేయండి సార్, అయిపోద్ది. అందాకా ఈ మూత తియ్యకండి."

"నాకు నువ్వు సెప్పాలేటిరా? నువ్వు పుట్టకముందు నుంచీ వైర్లతోటే బతుకుతన్నాను" అన్నాడు జగ్గారావు. ఆ వైర్లు రాగివి, ఇది గాజుది అన్న చిన్న తేడా అతని అనుభవం ముందు నిలవలేదు.

మర్నాడు ముహూర్తానికి పాలు పొంగించారు. జగ్గారావు భార్య మంగాయమ్మ గంధం గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని వరసగా గుమ్మానికి, కంప్యూటరుకి, ప్రింటరుకి, జెరాక్సు మిషనుకి, రూటరుకి బొట్లు పెట్టుకొచ్చింది. భరిణె మూసేస్తుంటే జగ్గారావు ఆపాడు.

"ఆ వైరుకి పెట్టవేటి?"

"ఆవగింజంత లేదు, దానికేటి బొట్టండీ?"

"అసలు నెట్టు వచ్చేదే అందులోంచి కదే. అన్నిటికీ పెట్టి దాన్నొదిలేస్తావా?" అని తనే మూత పీకి, కొసని ఆవిడ ముందు పట్టుకున్నాడు.

ఆవిడ నిండు మనసుతో తడి గంధం అద్ది, దానిమీద కుంకుమ పెట్టింది. ఆ వైరులో నడిచేది కరెంటు కాదు, వెలుతురు. వెంట్రుకంత గాజు దారం చివర అది బయటికి రావాలి. సరిగ్గా ఆ చివరనే ఇంత గంధం మెత్తి, జగ్గారావు దండం పెట్టుకుని కొసని రూటరులో గుచ్చాడు. నెట్టు అందితే రూటరు మీద పచ్చ లైటు వెలగాలి, ఎర్రది వెలిగింది. శుక్రవారం పూట ఎర్రటి దీపం కదా అని మంగాయమ్మ దానికీ దండం పెట్టింది.

కొబ్బరి ముక్కలు పంచడం అవుతుండగానే తొలి బేరం వచ్చింది. దేవరాపల్లి నుంచి సన్యాసమ్మ, ఆమె మనవరాలు అశ్విని. డిగ్రీ కాలేజీలకి ఆప్షన్లు పెట్టడానికి ఆ సాయంత్రంతో గడువు ఆఖరు. మొదటి విడతలో సీటు రాలేదు. ఇదీ దాటితే ఆ పిల్ల ఏడాది ఇంట్లో కూర్చోవాలి. ఇంట్లో కూర్చున్న పిల్లకి ఏం చూస్తారో అశ్వినికి తెలుసు, అందుకే బస్సు దిగిన దగ్గరనుంచి సర్టిఫికెట్ల కవరు గుండెకి హత్తుకునే ఉంది.

"అయిదు నిమషాలు మామ్మా, ఇప్పుడే పెట్టేస్తాను" అన్నాడు జగ్గారావు.

ఆ అయిదు నిమిషాలు మధ్యాహ్నం భోజనాల దాకా సాగాయి. జగ్గారావు రూటరుని ఆపి వేశాడు, వేసి ఆపాడు. ఈశాన్యం మూలకు తిప్పి చూశాడు. దిష్టి తగిలిందని మంగాయమ్మ ఇంకో గుమ్మడికాయ కొట్టించింది. ఎర్ర లైటు వీటన్నిటినీ చూస్తూ నిశ్చింతగా వెలుగుతూనే ఉంది. సంతోష్‌కుమార్‌కి ఫోన్ చేస్తే అతను కె.కోటపాడు దగ్గర తెగిపోయిన వైరు అతికిస్తున్నాడు.

"కొస మురికైందేమో సార్. సాయంత్రం వచ్చి సూస్తాను."

"మురికేటి? పూజ చేసిన వైరుని మురికంటావేటి?" అని ఫోన్ పెట్టేశాడు. కానీ అనుమానం పట్టుకుంది. కొస బయటికి లాగి, పట్టు పంచె అంచుతో గట్టిగా తుడిచాడు. దాంతో పైన ఉన్న కుంకుమ కాస్తా లోపలికి దిగి స్థిరపడింది.

అశ్విని నెమ్మదిగా అడిగింది. "ఫోన్లో పెట్టుకుందుమా సార్?"

"ఫోన్లో సిగ్నలేదీ? రోడ్డు మీద నిలబడి పెడతావా? ఇయన్నీ పెద్ద స్క్రీన్ మీద చేసే పనులమ్మా."

పిల్ల తల వంచుకుంది. కాసేపయ్యాక మళ్ళీ ధైర్యం చేసింది. "మామ్మా, కాలేజీ రోడ్డులో ఇంకో సెంటరుంది కదా."

సన్యాసమ్మ కళ్ళెర్రజేసింది. "నోర్ముయ్యే గుంటా. అక్కడ పెట్టినియ్యి అనకాపల్లి కూడా దాటవంట. ఈ బాబే సెప్పేడు. నీ పది పాసు కాడ్నుంచి అన్నీ ఈ బాబు సేతి మీదే అయినాయి. రేత్రయినా ఇక్కడే కూకుంటాను."

జగ్గారావు ఇన్నాళ్ళూ సరదాగా విసిరిన మాట అది. ఆ ముసలావిడ దాన్ని కొంగున కట్టుకుని కూర్చుంది. పిల్ల గోడ గడియారం వైపు చూస్తోంది, చూస్తున్నట్టు ఎవరికీ తెలియకూడదని వెంటనే కళ్ళు దించుకుంటోంది. ఇంకో టీ తెప్పిస్తే ఆవిడ తాగుతుంది. చెరకు రేటు గురించి మొదలుపెడితే వింటుంది కూడా. సాయంత్రం దాటాక, మీ అదృష్టం బాగులేదు మామ్మా అంటే, దాన్నీ నమ్ముతుంది. అది తలుచుకునేసరికి అతనికి సిగ్గేసింది. పొద్దుటి నుంచి మొదటిసారి నిజంగా సిగ్గేసింది.

"లే మామ్మా" అన్నాడు చెప్పులు తొడుక్కుంటూ. "హరిబాబు కాడికి ఎల్దాం. నానే పెడతాను."

మంగాయమ్మ నిర్ఘాంతపోయింది. "ముహూర్తం రోజు మన షాపు ఇడిసి అక్కడికా?"

"నువ్వు దీపం సూసుకో" అన్నాడు. ఏ దీపమో చెప్పలేదు.

పట్టు పంచె, నుదుట బొట్టు, మెడలో పూజారి వేసిన పూలదండ. ఈ వేషంలో జగ్గారావు కాలేజీ రోడ్డంతా నడిచి హరిబాబు సెంటరు మెట్లెక్కాడు. దండ తీయాలన్న సంగతి మెట్ల మీద గుర్తొచ్చింది. అప్పటికే లోపల ఉన్నవాళ్ళందరూ చూసేశారు. జనం కిటకిటలాడుతున్నారు. అందులో సగం మంది ఒకప్పుడు తన దగ్గరకి వచ్చినవాళ్ళే.

"రండి జగ్గారావు గారూ. ఏటి, నెట్టు రాలేదా?" అన్నాడు హరిబాబు. వెటకారం కాదు, మామూలుగానే అడిగాడు. వెటకారమైతే జగ్గారావుకి తేలికగా ఉండేది.

"వస్తంది, వస్తంది. వైరు కొద్దిగా సర్దుకోవాల" అన్నాడు. "ఈ పాప ఆప్షన్లు పెట్టాల. టైము లేదు."

హరిబాబు తన కుర్చీలోంచి లేచి పక్కకి జరిగాడు. జగ్గారావు కూర్చుని కాలేజీల పేర్లు ఒక్కొక్కటి పైకి చదివాడు, అశ్విని చెప్పిన వరసలో పెట్టాడు, రెండుసార్లు సరిచూసి సబ్మిట్ నొక్కాడు. తెర మీద చక్రం తిరిగి తిరిగి, చివరికి ఆప్షన్లు అందినట్టు వచ్చింది. పిల్ల బస్సు దిగాక మొదటిసారి చేతిలో కవరు కిందపెట్టింది. సన్యాసమ్మ ఆ కంప్యూటరుని అనుమానంగా చూసింది.

"అనకాపల్లి దాటిందా బాబూ?"

"దాటింది మామ్మా" అన్నాడు జగ్గారావు, హరిబాబు ముఖం చూడకుండా.

లేవబోతుంటే గోవాడ వైపు రైతు ఒకాయన జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. చేతిలో పట్టాదారు పాసుపుస్తకం ఉంది. జగ్గారావు మెడలో దండ చూడగానే ఆయన ముఖం విప్పారింది.

"కొత్త షాపు ఇదేనేటి బాబూ? మెయిన్ రోడ్డంతా ఎతికేసేను. బాగుంది, నెట్టు కూడా జోరుగా వస్తన్నట్టుంది."

హరిబాబు కూడా అటే చూస్తున్నాడు. అవుననడం చాలా సులువు. ఆ రైతు ఇంకెవర్నీ అడగడు, అడిగినా జగ్గారావు మాటే నమ్ముతాడు.

జగ్గారావు దండ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది నాది కాదు బావా, హరిబాబుది. నా షాపులో నెట్టు రాలేదు. నువ్వు పని ఇక్కడే సేయించుకో, ఇతను బాగా సేస్తాడు."