దూలానికి కట్టిన తువ్వాలు

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. కావచ్చు. కానీ ఎంత మొండివాడికైనా దూలానికి రెండు కొసలుంటాయి. నాయ్‌డెన్‌కు ఆ సంగతి బుధవారం సాయంత్రానికి బాగా తెలిసివచ్చింది.

అతను పీపాలు చేసేవాడు. అరవై ఆరేళ్ళు. బాల్కన్ కొండల ఉత్తరపు వాలులో, ఊరికి పైనున్న వాడలో అతని కొట్టు. నలభై ఏళ్ళు అన్నదమ్ములిద్దరూ అందులోనే పనిచేశారు. ఎంత పెద్ద పీపా వచ్చినా ఒక పక్క అన్న వెల్కో పట్టేవాడు, రెండో పక్క నాయ్‌డెన్. రెండు చలికాలాల కిందట వెల్కో పోయాడు. అప్పటినుంచి నాయ్‌డెన్ చిన్న పీపాలే ఒప్పుకుంటున్నాడు, అవీ ఏడాదికి పట్టుమని పది రావడం లేదు. పట్నంలో ఉన్న చెల్లెలు ఫోను చేసినప్పుడల్లా ఒకటే పాట: "కొట్టుకి తాళం పెట్టి వచ్చెయ్ అన్నయ్యా. మా బాల్కనీ గది ఖాళీగానే ఉంది." బాల్కనీలో కూర్చుని కింద పోయే కార్లు చూసుకోవడం తల్చుకుంటేనే అతనికి ఒళ్ళు మండేది.

అలాంటిది, కింది లోయలో ద్రాక్షతోటల వాళ్ళు ఏడువందల లీటర్ల పీపా ఒకటి బాగుచేయమన్నారు. శనివారం లారీలో తెచ్చి దింపుతారు. ఎత్తి బల్లమీద పెట్టుకోగలిగితే ఇంకా ఆరు ఉన్నాయట. ఎత్తలేకపోతే ఇక కొట్టుకి తాళమే.

అందుకని కొట్టులో అటక వేశాడు. నేలంతా ఆక్రమించిన పీపా చెక్కల్ని పైకి చేర్చాడు. ఓక్ చెక్క నాలుగేళ్ళు ఎండాలి, అంతకాలం కాళ్ళకి అడ్డంపడుతూ ఉంటే ఎలా? ఇక మిగిలింది దూలం. దానికి గొలుసు కప్పీ వేలాడదీస్తే ఎంత బరువైనా ఒక్కడే లేపొచ్చు. ఎవరినీ పిలవక్కర్లేదు, ఎవరికీ దండం పెట్టక్కర్లేదు. లెక్క బాగానే ఉంది. కాకపోతే, ఎవరి అవసరమూ లేకుండా చేసే ఆ దూలాన్ని ఎక్కించడానికి ఒక్కసారి ఇంకో మనిషి కావాలి! ఇదెక్కడి న్యాయం?

ఒక కొస గోడ కన్నంలో కూర్చుంది. రెండో కొస, మూడు కర్రలు కట్టి నిలబెట్టిన కప్పీకి వేలాడుతోంది. దాన్ని ఎదుటి గోడ గూట్లోకి అటకమీంచి ఒకరు తోస్తూ ఉంటే కిందనుంచి ఒకరు గొలుసు వదలాలి. నాయ్‌డెన్ గొలుసు వదిలి నిచ్చెన ఎక్కేసరికి దూలం పక్కకి పోయేది. తోసి దిగేసరికి మళ్ళీ పక్కకే. ఎక్కడం, దిగడం, తిట్టుకోవడం. బుధవారం పొద్దువాలేదాకా అదే తంతు. చివరికి అటకమీద కూలబడి, "అన్నా, ఎంత పని చేశావు అన్నా," అని పైకే అన్నాడు. పలికేవాళ్ళెవరు? వాడలో పద్నాలుగిళ్ళుంటే పొగ లేచేది రెండింట్లోంచే. మిగతా తలుపులమీద పోయినవాళ్ళ ఫొటోలతో అంటించిన కాగితాలు వానకి వెలిసిపోయి ఉన్నాయి.

గురువారం పొద్దున్నే గుమ్మంలో దగ్గు వినిపించింది. రెండో పొగ ఇంటావిడ, గెర్గినా. డెబ్బై తొమ్మిదేళ్ళు, నల్ల తలగుడ్డ. ఒక చేతిలో ఉడికించిన గోధుమల గిన్నె, ఇంకో చేతిలో కొవ్వొత్తి, భుజాన తెల్లటి నేత తువ్వాలు. చావింటికి వచ్చే సరంజామా అంతా ఉంది.

అటకమీదున్న మనిషిని చూసి ఆమె గబగబా శిలువ వేసుకుంది.

"ఒరేయ్! బతికే ఉన్నావా?"

"ఉన్నట్టే ఉంది. ఏమక్కా, ఏమైనా తొందరా?"

"నీ నోట్లో మన్ను పడ! మూడ్రోజులనుంచి రంపం, సుత్తి! ఈ వాడలో పలకలు కోసేది శవపేటికకి కాకపోతే ఇంక దేనికిరా? ఎవరు పోయారా అని లెక్కేసుకున్నా. నేను పోలేదు. మిగిలింది నువ్వేగా!"

"నేను పోతే పేటిక ఎవరు చేస్తున్నారనుకున్నావ్?"

గెర్గినా తలగుడ్డ సర్దుకుంది. "ఏమో! ఎవర్నీ అడిగే అలవాటు నీకెప్పుడుంది కనక? ముందే చేసుకుని అందులో పడుకునుంటావనుకున్నా."

నాయ్‌డెన్‌కు నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్ళయిందో ఏమో, అది దగ్గులోకి దిగింది.

సంగతి విని ఆమె మండిపడింది. "మరి నన్ను పిలవలేదేం?"

"నీకు ఎనభై ఏళ్ళక్కా."

"డెబ్బై తొమ్మిది! ఆవుల్ని లాగిన చేతులురా ఇవి. మాట్లాడకుండా తొయ్!" గిన్నె కిందపెట్టి గొలుసు పట్టుకుంది.

"వదలనా?"

"ఒక్క లంకె. ఇంకోటి. ఆగు! ఆగక్కా!"

దూలం ధన్‌మని గూట్లో కూర్చుంది. అటక అదిరి దుమ్ము రాలింది.

ఇంటికి నడికప్పు దూలం ఎక్కినరోజు చుట్టాలు బట్టలు తెచ్చి దానికి కట్టిస్తారు, ఎవరేం తెచ్చారో మేస్త్రి పైనుంచి కేకేసి దీవిస్తాడు. కొట్టు దూలానికి ఆ మర్యాద ఎవరూ చెయ్యరు. గెర్గినా మాత్రం తువ్వాలు పైకి విసిరింది.

"కట్టు. వట్టి దూలం కింద పనిచేస్తే కీడు."

"ఇది చావుకి తెచ్చింది కదక్కా?"

"పెళ్ళో చావో తువ్వాలుకేం తెలుసురా?"

కట్టాడు. గొంతు సవరించుకుని, వీధి వినేలా కేకేశాడు: "వినండహో! గెర్గినా తువ్వాలు తెచ్చింది! ఆమె ఇంట పొగ ఆరకుండు గాక! ఆమె వాకిట అడుగుల చప్పుడు ఆగకుండు గాక!"

కేక పన్నెండు ఖాళీ ఇళ్ళమీదుగా పోయింది. "ఆమెన్," అంది కిందనుంచి ఒక్క గొంతు.

ఇద్దరూ కూర్చుని గోధుమలు తిన్నారు. పంచదార, అక్రోటు పప్పు బాగా వేసింది. "నీ పేరున ఉడికించింది నువ్వే తింటున్నావు. ఈ అదృష్టం ఎంతమందికి పడుతుందిరా!" అంది. పోతూపోతూ గుమ్మంలో ఆగింది. "తువ్వాలు అక్కడే ఉండనీ. నేను నేసినవాటిలో అదొక్కటే మిగిలింది. నా వంతొచ్చినప్పుడు దించుకుని రా."

"సరే. మరి నేను ముందు పోతే?"

ఆమె దూలం వంక చూసింది. నిచ్చెన వంక చూసింది. గిన్నె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

శనివారం లారీ వచ్చింది. పీపాని లోపలికి దొర్లించి వాళ్ళు పోయారు. నాయ్‌డెన్ కొత్త దూలానికి తగిలించిన గొలుసు లాగాడు. అంత పీపా బుద్ధిగా లేచి, బల్లమీద కూర్చుంది. గెలిచాడు. అలవాటుకొద్దీ, "పట్టావా అన్నా?" అన్నాడు. పీపా అవతలి పక్క ఎవరూ లేరు. అప్పుడు అతనికి ఏడుపొచ్చింది, కాసేపు ఏడ్చాడు కూడా.

తర్వాత ముక్కు తుడుచుకుని నిచ్చెనెక్కి తువ్వాలు విప్పాడు. గుమ్మం పక్క స్తంభానికి తన భుజం ఎత్తున మేకు కొట్టాడు. వెనక్కి జరిగి చూశాడు. ఆ మేకు పీకి, జానెడు కిందికి మళ్ళీ కొట్టి తువ్వాలు తగిలించాడు. గెర్గినా పొట్టి మనిషి.